సగంలో ఆగిన సూది

కుట్టే చేయి వెళ్లిపోయింది. బొంత మాత్రం పెట్టె అడుగున అలాగే ఉంది. ఇప్పుడు దాన్నేం చేయాలి?

చెహెలుం అయ్యాకో, సంవత్సరీకం దాటాకో ఇంట్లో ఎవరో ఒకరు పెద్దావిడ ట్రంకుపెట్టె తెరుస్తారు. పైన పట్టుచీరలు, కలరా ఉండలు, పాత శుభలేఖలు. అడుగున ఓ మూట. విప్పితే... సగం కుట్టిన బొంత! ఆఖరి కుట్టు దగ్గర సూది అలాగే గుచ్చి ఉంటుంది. దాని చుట్టూ తుప్పు మరక. అప్పటిదాకా నిబ్బరంగా సామాన్లు సర్దుతున్న కూతురికి అక్కడ కళ్లు చెమరుస్తాయి.

హైదరాబాద్ పాతబస్తీలో, శాలిబండలోనో గౌలిపురాలోనో హుస్సేనీఆలంలోనో ఓ పాతకాలపు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇలాంటి మూట బయటపడటం వింతేమీ కాదు. తెలుగువాళ్ల ఇంట్లో అది బొంత. మరాఠీవాళ్లకు గోధడి. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో రజాయి, లిహాఫ్. బొంతంటే పాత చీరలూ పంచెలూ పొరలు పొరలుగా పరిచి, దగ్గరదగ్గరగా వేసే దూపుకుట్టు. రజాయి సంగతి వేరు. పైబట్టకీ అస్తరుకీ మధ్య ఏకిన దూది పరిచి, అది కదలకుండా పొడుగాటి దారం కుట్లు వేస్తారు. దాన్నే 'డోరే డాల్‌నా' అంటారు. చుట్టూ వేరే రంగు గుడ్డతో అంచు... అది మగ్జీ. దూదేకులవాళ్లు విల్లు భుజాన వేసుకుని గల్లీల్లో తిరిగే రోజుల్లో ఆ నారి మోత వినపడిందంటే చలికాలం వచ్చేసినట్టే. ఇప్పుడు ఏకడానికి మిషన్లు వచ్చాయి. మోత మారింది.

దుకాణంలో కొన్న రజాయి పాడైతే పారేస్తారు. ఇంట్లో కుట్టినదాన్ని పారేయలేరు. ఈ ముక్క పెద్దక్క ఓణీది, ఆ గళ్లది నాన్న లుంగీ, ఆ పువ్వులది తొలి మనవడి ఉయ్యాల గుడ్డ... ఏ ముక్క ఎవరిదో తడుముకోకుండా చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఆ లెక్క రాసిపెట్టుకోవాలని ఆమె ఉన్నప్పుడు ఎవరికీ తోచదు.

ఇక అసలు పంచాయితీ మొదలు! "పూర్తిచేద్దాం" అంటుంది ఒకరు. "అమ్మ చేయి పడినచోట మన చేయి పెట్టొద్దు, అట్లనే దాచుదాం" అని ఇంకొకరు. "దర్జీకిస్తే గంట పని" అనే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. జెద్దాలో ఉన్న కూతురూ షికాగోలో ఉన్న కొడుకూ ఫోన్లోనే వాటా అడుగుతారు. తలా ఓ ముక్క కోసి ఇద్దామనేంత దూరం వెళ్లినా ఆశ్చర్యం లేదు.

మన దగ్గర ఇది ఇంటి గొడవ. అమెరికాలో ఇదే బాధను పట్టుకుని ఇద్దరు స్నేహితురాళ్లు ఏకంగా ఓ సంస్థే పెట్టారు. జెన్ సిమోనిక్, మేసీ కప్లాన్... ఇద్దరికీ అల్లికలంటే ప్రాణం. తెలిసినావిడ తల్లి చనిపోయింది. ఆమె అల్లుతున్న దుప్పట్లు సగంలో ఉండిపోయాయి. వాటికి దారి చూపించబోతే, ఇలాంటి మూటలు లేని ఇల్లు లేదని అర్థమైంది. అలా 2022లో 'లూజ్ ఎండ్స్' పుట్టింది. పోయినవాళ్లు వదిలిన స్వెట్టరు, దుప్పటి, బొంత ఏదైనా సరే, ఆ పని తెలిసిన స్వచ్ఛంద కార్యకర్తను వెతికి అప్పగిస్తారు. కుట్టినందుకు పైసా తీసుకోరు. పూర్తయ్యాక అది ఆ ఇంటికే చేరుతుంది. ఇప్పుడు చాలా దేశాల్లో వేలమంది ఈ పనికి పేరిచ్చారు. ముక్కూమొహం తెలియని మనిషి మన అమ్మ కుట్టును కొనసాగించడం... వినడానికే వింతగా లేదూ?

మన గల్లీలో అంత దూరం పోనక్కర్లేదు. పక్కింటి ఖాలాకో, మేనత్తకో చేయి తిరిగే ఉంటుంది. కాకపోతే తొందరపడకూడదు. ముందు ఆ తుప్పు సూది తీసేయాలి. ఉంచితే దాని చుట్టూ బట్ట చివికిపోతుంది. తర్వాత నీడలో ఆరేసి, తడిపిన తెల్లగుడ్డతో ఒక్కో రంగునూ మెల్లగా అద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటిందా, నీళ్లలో ముంచే ఆలోచన మానుకోవడమే. దూది ఉండకట్టిన రజాయి అయితే కుట్లు విప్పి మళ్లీ ఏకించాల్సిందే. ఆమె వేసిన కుట్లు పోతాయని బాధ పడేవాళ్లు ఓ మూలను ముట్టుకోకుండా వదిలేయొచ్చు.

బాబాయి మాట మాత్రం వినొద్దు. మిషన్ సూది దగ్గరదగ్గరగా పొడుస్తుంది. నలిగిన పాత చీర ఆ గీత వెంటే చిరుగుతుంది. పాత బట్టకు చేతికుట్టే మేలు. మగ్జీకి గుడ్డ కావాలంటే పత్తర్‌గట్టీ ఉండనే ఉంది, లేసుల సంగతి లాడ్‌బజార్ చూసుకుంటుంది.

కుట్టబోయే ముందు ఆమె ఎక్కడ మొదలుపెట్టిందో వెతకాలి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ మహిళలు కుట్టే కవంది ఓ అంచు దగ్గర మొదలై, చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు చేరుతుంది. నాలుగు మూలల్లో 'ఫూల' అనే మడత గుడ్డలు పెట్టందే అది పూర్తయినట్టు కాదు. మీ నాయనమ్మ పద్ధతి ఏదో ఆ బొంతే చెబుతుంది. కుట్ల వరసను వేలితో తడుముకుంటూ వెళ్తే చాలు.

ఎంత జాగ్రత్తపడినా ఆమె కుట్టులా మన కుట్టు రాదు. ఆమెది బియ్యపుగింజంత, మనది చింతగింజంత! దానికి సిగ్గుపడి విప్పేసి మళ్లీ కుట్టేవాళ్లున్నారు. దారం రంగే మార్చేయడం అంతకన్నా హాయి. ఆమెది తెలుపైతే మనది ఎరుపు. రేపు పిల్లలు కప్పుకుని పడుకున్నప్పుడు, "ఇక్కడిదాకా దాదీ, ఇక్కడినుంచి అమ్మీ" అని వేలు పెట్టి చూపించుకుంటారు.

ఉతికే విషయంలో మాత్రం ఏ ఇంట్లోనూ ఓ పట్టాన తెగదు. బట్టల సబ్బు పెడితే మరకలు పోతాయి సరే... కొబ్బరినూనె, తమలపాకు కలగలిసిన ఆ వాసన కూడా పోతుందిగా!