ఫోటో కాగితము: కస్టమ్స్ పద్దు

విదేశీ వర్తకులకు చీరల ఫోటోలు పంపు సంఘములు ఇన్వాయిస్‌లో ‘ఫోటో కాగితము’ అని వ్రాసిన చాలదు. ఆ కాగితము ఏ దశలో నున్నదో దానిని బట్టియే పద్దు.

వెలుతురు సోకిన మారు మందు పూసి, ఇంకను వెలుతురు చూపని కాగితము 3703. మందు పూసిన బట్టయు ఇందులోనిదే. బట్ట గదా యని నూలు పద్దులలో వెదకరాదు. బొమ్మ పట్టి కడగనిది 3704, నేడిది అరుదు. కడిగి బొమ్మ తేలిన ఫోటో అచ్చు సరకుతో బాటు 4911. మన చీరల ఫోటోలు ఇవే.

ఇంక్‌జెట్ యంత్రమునకు వాడు ‘ఫోటో పేపరు’ పేరుకే ఫోటో. వెలుతురుతో దానికి పని లేదు గనుక 48వ అధ్యాయపు కాగితములలో చేరును.

పద్దు తప్పినచో సుంకము మారవచ్చును, తనిఖీకి పెట్టె విప్పవచ్చును. మందు కాగితమును వెలుతురులో విప్పిరా, సరకంతయు పాడు. ‘చీకటిలోనే విప్పవలెను’ అని పెట్టెపై వ్రాయించుడు.