కొట్టాలా, వదలాలా?

ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో నేను ఓసా మీద పనిచేశాను. ఆరు చక్రాల రష్యన్ బండి, నెత్తిన తిరిగే రాడార్, దాని పక్కనే క్షిపణులు. 2020లో అజర్‌బైజాన్, ఆర్మేనియాల మధ్య జరిగిన నగోర్నో కారబాఖ్ యుద్ధం వీడియోల్లో నాకు ముందు కనిపించింది ఆ బండే. ఆర్మేనియా వాళ్లది. తెర మధ్యలో గురి గుర్తు, దాని కింద ఓసా, అంతలోనే మంట. అజర్‌బైజాన్ ఈ దృశ్యాలను బాకూ వీధుల్లో పెద్ద తెరల మీద ఆడించింది. వాటిని చూసి సంబరపడటం మాత్రం నా వల్ల కాలేదు.

లోపలున్నవాళ్లు చేతకానివాళ్లేం కాదు. ఓసా క్షిపణి సుమారు 5 కిలోమీటర్ల ఎత్తుదాకే పోతుంది. తుర్కియే తయారీ బైరక్తార్ టీబీ2 డ్రోన్ అంతకన్నా పైనే చక్కర్లు కొట్టగలదు. పైగా చిన్నది, రాడార్‌కు ఓ పట్టాన చిక్కదు. దాన్ని పంపేముందు అజర్‌బైజాన్ ఇంకో ఎత్తు వేసింది. పొలాలకు మందు చల్లే పాతకాలపు ఏఎన్-2 విమానాలను పైలట్ లేకుండా పంపింది. గన్నర్‌కు అక్కడొచ్చింది చిక్కు. వదిలేస్తే బాంబు వెయ్యొచ్చు, కొడితే మనమెక్కడున్నామో చెప్పేసినట్టే. రాడార్ ఆన్ చేస్తే చాలు, గంటల తరబడి గాల్లో కాచుకుని ఉండే ఇజ్రాయెలీ హారప్ డ్రోన్ నేరుగా దాని మీదే వచ్చి పడుతుంది.

ఇదే కారబాఖ్ కొండల కోసం 1988 నుంచి 1994 దాకా జరిగిన పోరులో ఆర్మేనియన్లదే పైచేయి. ఈసారి 44 రోజుల్లో కథ తిరగబడింది. ఒకప్పుడు వైమానిక బలం కావాలంటే ఫైటర్ విమానాలు, ఏళ్ల తరబడి శిక్షణ పొందిన పైలట్లు ఉండాలి. ఇప్పుడు చమురు డబ్బున్న చిన్న దేశం దాన్ని బయట కొనుక్కోగలుగుతోంది.

అయినా డ్రోన్లే గెలిపించాయంటే నేనొప్పుకోను. నిట్టనిలువు కొండ మీదున్న షుషా పట్టణాన్ని పట్టింది, తేలికపాటి ఆయుధాలతో అడవులు దాటి, కొండ ఎక్కిన అజర్‌బైజాన్ కాల్బలం. అది పడ్డాక రెండ్రోజులకే కాల్పుల విరమణ. మూడేళ్లకు, 2023 సెప్టెంబరులో, ఇరవైనాలుగు గంటల దాడితో మిగతా కారబాఖ్ కూడా పోయింది. లక్షమందికి పైగా ఆర్మేనియన్లు ఇళ్లు వదిలి వెళ్లిపోయారు.

ఆర్మేనియా ఇప్పుడు మన ఆకాశ్ క్షిపణులు కొంటోంది. చేసేది హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్. బైరక్తార్ తిరిగే ఎత్తు దానికి లెక్కే కాదు. కానీ అంత ఖరీదైన క్షిపణిని ఏ చవక డ్రోన్ మీద ఖర్చు పెట్టాలో, దేన్ని తుపాకులకు వదిలెయ్యాలో అక్కడి గన్నర్ క్షణాల్లో తేల్చుకోవాలి.