నీటిలో పేలుడు: పైకి కనబడని గాయం

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన కాసేపటికి విశాఖపట్నం తీరానికి చేరువలో, సముద్రం అడుగున భారీ పేలుడు జరిగింది. పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. భారత యుద్ధనౌక ‘రాజ్‌పుత్’ వదిలిన డెప్త్ చార్జీలే కారణమని మన నౌకాదళం చెబుతుంది. ప్రమాదవశాత్తు జరిగిన పేలుడని పాకిస్తాన్ వాదిస్తుంది. ఆ వారంలోనే, డిసెంబరు 9న, డయ్యూ సమీపంలో టార్పెడో దాడికి గురైన మన ‘ఖుక్రీ’ 18 మంది అధికారులను, 176 మంది నావికులను తనతో పాటు తీసుకుపోయింది.

ఏ ఓడను ఎవరు ముంచారన్నది యుద్ధ చరిత్ర చూసుకుంటుంది. పేలుడు మనిషి ఒంటిని ఏం చేస్తుందో చెప్పాల్సింది భౌతికశాస్త్రం.

చివరి వ్యాగన్

రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లోని ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు కుటుంబాలకు షంటింగ్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కలపకుండా ఒకదానికొకటి ఆనించి నిలిపిన వ్యాగన్ల వరుసను ఒక చివర ఇంజను గుద్దితే, ఆ కుదుపు వ్యాగన్ నుంచి వ్యాగన్‌కు అందుతూ పోతుంది. నడుమ ఉన్నవి పెద్దగా కదలవు. చివరిదానికి మాత్రం కుదుపును అందించడానికి ముందు ఏమీ ఉండదు. అందుకే అది విడివడి దొర్లిపోతుంది.

నీటిలో పుట్టిన పేలుడు తరంగం శరీరంలోనూ దాదాపు ఇదే పని చేస్తుంది. మన కండరాల్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి తరంగం వాటిగుండా సాఫీగా సాగిపోతుంది. ఊపిరితిత్తులు, పేగులు, చెవి లోపలి గదుల దగ్గర మాత్రం అకస్మాత్తుగా గాలి ఎదురవుతుంది. ఆ అంచున ఉన్న పలుచని పొర చివరి వ్యాగన్ లాంటిది. అది లోపలికి చిట్లుతుంది, రక్తం కారుతుంది. చర్మం మీద మాత్రం గీత కూడా ఉండకపోవచ్చు.

గాలి కంటే నీరే ప్రమాదం

గాలిలో పేలుడు శక్తిలో చాలా భాగం గాలిని నొక్కడానికే ఖర్చవుతుంది. నీరు అంత తేలిగ్గా నొక్కుకుపోదు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, నీటిలో సుమారు 1500 మీటర్లు పోతుంది. అందుకే అదే మందుగుండు నీటిలో మరింత దూరం వరకు ప్రాణాలు తీయగలదు.

నీటి ఉపరితలం దగ్గర ఇంకో విశేషం ఉంది. పైకి వచ్చిన తరంగం అక్కడ తిరగబడి, నెట్టే ఒత్తిడికి బదులు లాగే ఒత్తిడిగా కిందికి మళ్లుతుంది. దాంతో ఉపరితలానికి దగ్గరగా ఉన్నచోట దెబ్బ తొందరగా తెగిపోతుంది, లోతుకు పోయేకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుంది. తల బయట పెట్టి నిలువుగా ఈదుతున్న మనిషికి పేగులే ఎక్కువ దెబ్బతినడానికి ఇదే కారణం. వీలైతే తెప్ప ఎక్కాలి, లేకపోతే వెల్లకిలా తేలాలి అన్న సలహా ఇక్కడి నుంచే పుట్టింది.

1942 జూన్ 6న మిడ్‌వే దగ్గర అమెరికా యుద్ధనౌక ‘హ్యామన్’ టార్పెడో దెబ్బకు నిమిషాల్లో మునిగింది. ఓడ మునిగాక నీటి అడుగున జరిగిన పేలుడులో, అప్పటికే బయటపడి ఈదుతున్న వాళ్లలో చాలామంది చనిపోయారు.

ఓడ మీద ఉన్నవాళ్లకూ ముప్పు తప్పదు. కింద మైను పేలితే డెక్కు కొన్ని మిల్లీసెకన్లలో పైకి ఎగురుతుంది. మోకాళ్లు బిగించి నిలబడ్డవాళ్ల మడమ ఎముకలు, కాళ్లు, వెన్నుపూసలు విరుగుతాయి.

ఆలస్యంగా బయటపడే ప్రమాదం

నీళ్లలోంచి తీసిన నావికుడు నడవగలడు, మాట్లాడగలడు. ఊపిరితిత్తుల గాయం కొన్ని గంటలకు ముదరవచ్చు. దెబ్బతిన్న పేగు ఒకటి రెండు రోజుల తర్వాత కూడా చిల్లుపడవచ్చు. వెంటిలేటర్ అవసరమైనా, ఎక్కువ ఒత్తిడితో గాలి పంపితే చిట్లిన గాలి గదుల నుంచి బుడగలు రక్తంలోకి చేరి, మెదడుకో గుండెకో అడ్డుపడతాయి.

అందుకే పేలుడుకు దగ్గరలో నీళ్లలో ఉన్న మనిషిని ‘బాగానే ఉన్నాడు’ అని వెంటనే పంపేయకూడదు. అతనికి ఏ గాయం కనబడుతోందన్న ప్రశ్నతో పాటు వైద్యుడు మరో రెండు అడగాలి: పేలుడుకు ఎంత దూరంలో ఉన్నాడు, ఒళ్లు ఎంతవరకు నీటిలో ఉంది?