వెనక్కి పిలిచిన సరుకు: ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

అమ్మిన సరుకును కంపెనీ వెనక్కి పిలిస్తే, పారేసిన సరుకు ధరే నష్టమని అనుకుంటాం. నిజానికి ఆ బిల్లులో అది మొదటి పద్దు మాత్రమే.

మ్యాగీ లెక్క

2015 జూన్‌లో సీసం మోతాదు మించిందంటూ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తొమ్మిది రకాల మ్యాగీ నూడుల్స్‌ను ఆపేయమంది. వెనక్కి వచ్చే సరుకు విలువను నెస్లే ఇండియా రూ.320 కోట్లుగా అంచనా వేసింది. ఇందులో దుకాణాలు, డీలర్ల దగ్గర ఉన్నది రూ.210 కోట్లు, ఫ్యాక్టరీలు, గోడౌన్లలో ఉన్నది రూ.110 కోట్లు. లారీ కిరాయిలు, ధ్వంసం ఖర్చు వీటికి అదనమని అప్పుడే చెప్పింది. చివరికి ఖాతాలో ఖర్చుగా పడింది దాదాపు రూ.450 కోట్లు. 35 వేల టన్నులకు పైగా సరుకును సిమెంటు బట్టీల్లో కాల్చేశారు.

అమ్మకాలు ఆగిన దెబ్బ వేరు. 2014 ఏప్రిల్-జూన్‌లో దాదాపు రూ.288 కోట్ల లాభం చూసిన కంపెనీ, 2015లో అదే మూడు నెలలకు రూ.64 కోట్ల నష్టం చూపింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిషేధాన్ని కొట్టేసినా, మ్యాగీ మళ్లీ కొట్లలోకి వచ్చింది నవంబరు 9న.

నాలుగు టన్నులతో ఆగిన రీకాల్

2025 జనవరిలో పురుగుమందు అవశేషాల కారణంగా పతంజలి ఫుడ్స్ ఎండుకారాన్ని వెనక్కి పిలిచింది. అయితే ఏజేడీ2400012 అనే ఒక్క బ్యాచ్‌నే. మొత్తం 4 టన్నులు, అంటే 200 గ్రాముల ప్యాకెట్లు 20 వేలు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో విద్యుత్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాక, హైదరాబాద్‌కు చెందిన ప్యూర్ ఈవీ కూడా సంబంధిత బ్యాచ్‌ల స్కూటర్లనే, 2,000 బండ్లను, వెనక్కి పిలిచింది.

అనుమానం తొమ్మిది రకాల మీద పడితే వందల కోట్లు. ఒక్క బ్యాచ్‌కు పరిమితమైతే నష్టం అక్కడితో ఆగుతుంది.

కనిగిరి మిల్లుకు వర్తింపజేస్తే

కనిగిరిలో ఒక చిన్న కారం మిల్లు రోజుకు 500 కిలోలు ఆడించి, రూ.60 ప్యాకెట్లు 2,500 కడుతుందనుకుందాం. రోజు సరుకు రూ.1.5 లక్షలు. పామూరు, పొదిలి, మార్కాపురం కొట్లలో పది రోజుల సరుకు ఉంది. ఒక రోజు కారంలో తేడా బయటపడింది. ప్యాకెట్ మీదున్న బ్యాచ్ నంబరు బిల్లులోనూ ఉంటే తిరిగి రావాల్సింది రూ.1.5 లక్షల సరుకే. లేకపోతే రూ.15 లక్షల సరుకూ రావాలి. ఆటో కిరాయి, కొట్లవాళ్లకు తిరిగి కట్టే డబ్బు కూడా దానితో పాటే పెరుగుతాయి.

ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు వేయడం చట్టప్రకారం తప్పనిసరి. తేడా ఉన్న ఆహారాన్ని వెంటనే వెనక్కి తీసుకోవాలని 2006 ఆహార భద్రతా చట్టంలోని 28వ సెక్షన్ చెబుతుంది. కానీ ప్యాకెట్ మీద నంబరుంటే చాలదు. అది ఏ కొట్టుకు వెళ్లిందో బిల్లు చెప్పాలి. కనిగిరి పొగాకు వేలం కేంద్రంలో బేలు ఏ రైతుదో చీటీ చూసి చెప్పగలిగినట్టే, మన ఇళ్లలో వండే కారానికీ ఆ జాడ ఉండాలి.

మిల్లు యజమానులు, పచ్చళ్లు పెట్టి అమ్మే డ్వాక్రా సంఘాలు ఈ వారమే ఒక పని చేయాలి. ఏదో ఒక ప్యాకెట్ తీసి, ఆ బ్యాచ్ ఎన్ని కొట్లకు వెళ్లిందో గంటలో చెప్పగలరేమో చూసుకోవాలి. చెప్పలేకపోతే బిల్లు పుస్తకంలో బ్యాచ్ నంబరుకు ఒక గడి గీయాలి. దానికయ్యే ఖర్చు ఒక గీత. అది కాపాడేది పెట్టుబడిని, అంతకన్నా ముందు తినేవాళ్ల ఆరోగ్యాన్ని.