బాలుని మనఃస్థితి పరిశీలన: పంచాయతీల కర్తవ్యము

జామతోటలకు పేరెన్నికగన్న కోహీరు ప్రాంతమున, ఒక గ్రామమందలి 17 ఏండ్ల బాలునిపై ఘోరమైన నేరారోపణ వచ్చినదనుకొందము. పెద్దవారితోపాటు జైలులో వేయవలెనని కొందరు, పసివాడు గనుక విడిచిపెట్టవలెనని కొందరు అందురు. చట్టము ఈ రెండింటిలో దేనిని తొందరపడి అంగీకరింపదు. ముందుగా ఆ బాలుని మనస్సును, పరిస్థితులను పరిశీలింపవలెనని ఆదేశించుచున్నది.

2015 నాటి బాలల న్యాయ చట్టము 2016 జనవరి 15 నుండి అమలులో నున్నది. దీని ప్రకారము 18 ఏండ్లు నిండనివారందరు బాలలే. పోలీసులు పట్టుకొన్న బాలుని లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు. ప్రయాణకాలము గాక 24 గంటలలో బాలల న్యాయ బోర్డు ఎదుట హాజరుపరచవలెను. ఈ బోర్డునందు ఒక మేజిస్ట్రేటు, ఇరువురు సంఘసేవకులు ఉందురు.

నేరమునకు కనీస శిక్ష 7 ఏండ్లు గాని అంతకు మించి గాని ఉండి, బాలునికి 16 ఏండ్లు నిండియున్నచో బోర్డు ప్రాథమిక పరిశీలన జరుపును. ఆ నేరము చేయుటకు తగిన మానసిక, శారీరక శక్తి వానికి గలదా? దాని పర్యవసానములను గ్రహింపగలడా? ఏ పరిస్థితులలో అది జరిగినదని చెప్పబడుచున్నది? ఈ మూడు విషయములను 3 నెలలలో తేల్చవలెను. ఇది నేరవిచారణ కాదు. పెద్దవానివలె విచారింపదగునని బోర్డు తలచినచో కేసు బాలల న్యాయస్థానమునకు పోవును. ఆ న్యాయస్థానము సైతము ఆ సంగతిని మరల యోచించును. ఎట్టి స్థితిలోను బాలునికి మరణశిక్ష గాని, విడుదలకు అవకాశము లేని యావజ్జీవ శిక్ష గాని విధింపరాదు.

బోర్డు సభ్యులలో బాలల మనస్తత్వ శాస్త్రమునందు గాని మానసిక వైద్యమునందు గాని పట్టము పొందినవారు లేనప్పుడు, నిపుణుల సహాయమును తప్పక పొందవలెనని సుప్రీంకోర్టు 2022 జులై 13న తీర్పు చెప్పినది. తెలివితేటల పరీక్షలో వచ్చిన అంకె ఒక్కటే చాలదు. లెక్కలు చకచక చేయు బాలుడు సైతము తన చేష్టవలన రేపు కలుగు కీడును ఊహింపలేకపోవచ్చును. తెలుగు, ఉర్దూ, కన్నడము, లంబాడీ వినవచ్చు ఈ ప్రాంతమున, బాలునికి బాగుగా తెలిసిన భాషలోనే ప్రశ్నించుట మిక్కిలి అవసరము.

ఇందు పంచాయతీ పని ఏమి? మొదటిది వయస్సు. పాఠశాల పత్రము గాని మెట్రిక్యులేషను పత్రము గాని లేనప్పుడు పంచాయతీ ఇచ్చు జనన ధ్రువపత్రమే ప్రమాణము. రిజిస్టరులో ఒక్క సంవత్సరము తప్పుగా పడినచో ఒక జీవితము తారుమారు కావచ్చును. కావున జననములను 21 రోజులలో నమోదు చేయింపుడు.

రెండవది సాక్ష్యము. బాలుని కుటుంబము, చదువు, స్నేహములను గూర్చి ప్రొబేషను అధికారి 15 రోజులలో నివేదిక సమర్పింపవలెను. ఆయన గ్రామమునకు వచ్చినప్పుడు కక్షలను, బంధుత్వములను ప్రక్కకు నెట్టి, చూచినది చూచినట్లు చెప్పుడు. బడి ఎప్పుడు మానెను, ఎవరివద్ద పనిచేసెను, ఇంట దెబ్బలు తినెనా అను సంగతులు గ్రామస్థులకు తెలిసినట్లు ఇతరులకు తెలియవు.

మూడవది గోప్యత. బాలుని పేరు, చిత్రము పత్రికలలోను, సెల్‌ఫోనులలోను ప్రచారము చేయుట నేరము. అందుకు 6 నెలల వరకు జైలు గాని, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

నష్టపోయిన కుటుంబమునకు న్యాయము జరుగవలసినదే. అందు సందేహము లేదు. అయినను ఆ బాలుడు ఒకనాటికి తిరిగి వచ్చునది మన గ్రామమునకే. వాడు ఎట్టి మనిషియై వచ్చునో అనుటలో మనము నేడు చెప్పు సత్యమునకును పాలు గలదు.