మెట్ల మీది హిరణ్యకశిపుడు

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాలు 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఒడిశా వేరుపడినప్పుడు ఇవి విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడగానే అందులో భాగమయ్యాయి. అక్కడి కంచిలి మండలంలోని జలంత్రకోట ఆ పాత గంజాంలో ఒక చిన్న సంస్థానానికి రాజధాని. పంతొమ్మిదో శతాబ్దపు రెండో భాగంలో దాన్ని ఏలిన రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద వెలసిన ‘ప్రహ్లాద నాటకం’, జిల్లా హద్దులు ఎన్నిసార్లు మారినా, గంజాం పల్లెల్లో రాత్రంతా ఆడే రంగస్థల సంప్రదాయంగా నిలిచింది. పాటలూ మాటలూ ప్రధానంగా ఒడియాలోనే ఉన్నా, తెలుగు, ఒడియా రెండూ వాడుకలో ఉన్న ఈ సీమ ప్రేక్షకుడికి కథ కొత్తది కాదు. పోతన భాగవతం విన్నవారందరికీ అది తెలిసిందే.

భక్తికథను విషాద నాటకంగా చూడవచ్చునా అన్న సందేహం సహజమే. మరణాన్ని రంగం మీద చూపకూడదనీ, కథ మంగళంగా ముగియాలనీ సంస్కృత నాటక సంప్రదాయం భావించింది. ప్రహ్లాదుడి వైపు నుంచి చూస్తే ఈ నాటకమూ మంగళాంతమే. గ్రీకు నాటకాలను విశ్లేషించిన అరిస్టాటిల్ మాత్రం విషాద నాటకానికి వేరే కొలత చెప్పాడు. పూర్తిగా మంచివాడూ పూర్తిగా దుర్మార్గుడూ కాని ఒక ఉన్నతుడు తన తప్పటడుగు వల్లనే కూలిపోవడం అందులో మొదటిది. అంతవరకు తనకు తెలియని నిజం పాత్రకు తెలిసివచ్చే ఘట్టం రెండోది. దాన్ని ‘గుర్తింపు’ అనవచ్చు. ఈ కొలతతో చూసినప్పుడు నాటకం పేరు ప్రహ్లాదుడిదే అయినా కథ మాత్రం హిరణ్యకశిపుడిదని తేలుతుంది.

ఆ సంగతిని జలంత్ర సంప్రదాయంలోని వేదికే కంటికి కట్టిస్తుంది. ఆట స్థలానికి ఒక చివర చెక్కమెట్ల వరుస, అన్నిటికన్నా పైన సింహాసనం ఉంటాయి. కథ నడిపిస్తూ పాటలు పాడే సూత్రధారిని గాహకుడంటారు. అతడి పాటకూ మద్దెల మోతకూ అనుగుణంగా హిరణ్యకశిపుడి పాత్రధారి ఆ మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ, అడుగు తప్పకుండా చిందులేస్తూ నటించాలి. పైన ఉన్నంతసేపు అతడు ముల్లోకాలను గెలిచిన చక్రవర్తి. కొడుకును ప్రశ్నించడానికి కిందికి దిగితే తండ్రి. ఒకే మనిషిలోని ఈ రెండు బాధ్యతల మధ్య దూరాన్ని కొలవడానికి రచయిత రాయగలిగిన ఏ సంభాషణ కన్నా ఆ మెట్లే ఎక్కువ పనికొస్తాయి.

విషాద నాటకంలో పాత్రల అసలు స్వభావం వారు తమ గురించి తాము చెప్పుకునే మాటల్లో బయటపడదు. వెనక్కి తగ్గే దారి మూసుకుపోయినప్పుడు వారు ఏం చేస్తారన్నదాన్ని బట్టి తెలుస్తుంది. ఈ కథలో ఆ దారిని మూసేవాడు ప్రహ్లాదుడు. మొదటినుంచి చివరిదాకా అతడు మారడు, ఎదగడు, సందేహించడు. నాటకీయత దృష్ట్యా ఇది లోపమే అనిపించినా, కదలని ఆ పసివాడి వల్లనే తక్కినవారందరి నిజరూపాలూ బయటికొస్తాయి. గురువులైన చండామార్కుల పాండిత్యం కింద దాగి ఉన్నది ప్రాణభయమని, శిష్యుడు నేర్చిన చదువును రాజు ముందు అప్పజెప్పినప్పుడే తెలుస్తుంది. తల్లి లీలావతి స్థితి ఇంకా దుర్భరం. కొడుకు విషం మింగవలసిన ఘట్టంలో ఆమె భార్యగానూ తల్లిగానూ ఏకకాలంలో నిలబడలేదు. ఏది ఎంచుకున్నా ఆమె ఓడిపోతుంది. అరిస్టాటిల్ కొలతకు హిరణ్యకశిపుడి కన్నా ఆమే బాగా సరిపోతుందని వాదించినా తప్పులేదు.

హిరణ్యకశిపుడి క్రూరత్వానికి మూలం దుఃఖం. తమ్ముడు హిరణ్యాక్షుణ్ణి వరాహరూపంలో విష్ణువు చంపాడన్న శోకమే పగగా మారి, ఆ పగ తపస్సుగా, తపస్సు వరంగా పరిణమించింది. మనిషి చేతగాని మృగం చేతగాని, పగలుగాని రాత్రిగాని, ఇంటగాని బయటగాని చావు రాకూడదని ఒక్కొక్క తలుపూ మూసుకున్నవాడు, చివరికి స్తంభాన్ని చూపి హరి ఇందులో ఉన్నాడా అని తానే అడుగుతాడు. ఆ ప్రశ్నలో ఎగతాళి ఎంత ఉన్నా, హరిని ఒక్కసారి కళ్లారా చూడాలన్న ఆత్రమూ అంతే ఉంది. జీవితమంతా శత్రువు కోసం వెతికినవాడు అతణ్ణి ఒక్క క్షణమైనా మరిచింది లేదు. సోఫొక్లీస్ నాటకంలో ఈడిపస్ రాజు హంతకుణ్ణి పట్టుకోవడానికి విచారణ మొదలుపెట్టి, ఆ హంతకుడు తానేనని తెలుసుకుంటాడు. ఇక్కడా విచారించినవాడే విచారణకు బలవుతాడు, కాని పురాణం ఇంకొక మెలిక పెట్టింది: శాపం వల్ల రాక్షసుడిగా పుట్టిన ఇతడు పూర్వం వైకుంఠ ద్వారపాలకుడు. వరంలోని షరతులన్నిటినీ దాటడానికి నరసింహుడు అతణ్ణి సంధ్యవేళ గడప మీద చంపుతాడు. అంటే ద్వారపాలకుడు తన పాత కొలువు చోటులాంటి ద్వారం దగ్గరే నేలకొరుగుతాడు.

జలంత్ర సంప్రదాయంలో ఈ చివరి ఘట్టానికి నరసింహుడి ముసుగును పూజించి ధరిస్తారు. అది ధరించిన నటుడికి పూనకం వస్తుందని నమ్మకం, అతణ్ణి అదుపులో పెట్టడానికి పక్కన మనుషులు సిద్ధంగా ఉంటారు. స్వభావం బయటపడటమనే మాట నటుడికి కూడా వర్తించే చోటు ఇది.

ఇదే కథను తెలుగు పద్యనాటకంగా మలచిన బళ్లారి నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’తో తెలుగులో విషాదాంత నాటకానికి బాట వేసినవాడు కావడం గమనించదగ్గది. ఆయన ‘భక్త ప్రహ్లాద’ నాటకం ఆధారంగానే 1932లో తెలుగువారి తొలి టాకీ వచ్చింది. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి నటించారు. ప్రహ్లాద కథలో తండ్రి నేరానికి కొడుకు బలి కాకుండా దేవుడు అడ్డుపడతాడు. సారంగధర కథలో సవతితల్లి చిత్రాంగి వేసిన నిందను నమ్మి కొడుకు కాళ్లూ చేతులూ నరికించిన రాజరాజ నరేంద్రుడికి నిజం తెలిసేసరికి శిక్ష అమలైపోయింది. ఏ స్తంభమూ పగలలేదు.