తేమ, జిగురు, ఖాళీ ట్యూబు: టెస్ట్ కిట్ల ఫ్యాక్టరీ విశేషాలు

మీకు తెలుసా? మందుల షాపులో కొనే ప్రెగ్నెన్సీ కిట్ లోపలి తెల్లటి పొర నైట్రోసెల్యులోజ్. ఒకప్పుడు ప్రొజెక్టర్ గదుల్లో భగ్గున అంటుకున్న పాత సినిమా రీళ్లదీ ఇదే పదార్థం. ఫ్యాక్టరీలో ఈ పొర చుట్టలను నిప్పుకు ఆమడ దూరంలో ఉంచుతారు.

కిట్ మీద ఎర్ర గీత బంగారం చలవ. సుమారు 40 నానోమీటర్ల బంగారు రేణువులు ఎర్రగానే కనిపిస్తాయి. కరిగించి గొలుసు చేయిద్దామన్న ఆశ మాత్రం వద్దు, ఒక్కో కిట్‌లో ఉండేది మైక్రోగ్రాముల్లోనే!

ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజినీరుకు అసలు తలనొప్పి గాలిలోని తేమ. యాంటీబాడీ ద్రావణాన్ని సన్నటి నాజిల్‌తో, సెంటీమీటరుకు సుమారు ఒక మైక్రోలీటరు చొప్పున పొర మీద గీతగా గీస్తారు. అప్పుడు గదిలో గాలి మరీ పొడిగా ఉంటే స్టాటిక్ కరెంటు పుట్టి గీత చెదురుతుంది. ఆరబెట్టాక పరిస్థితి తిరగబడుతుంది. ఇక తేమ తగలకూడదు. స్ట్రిప్పులు అతికించి కత్తిరించే డ్రై రూమ్‌లో తేమను 20 శాతం దరిదాపుల్లోనో, ఇంకా తక్కువగానో ఉంచుతారు. షిఫ్టు అయ్యేసరికి పెదాలు ఎండిపోతాయి. లేదంటే ముసురు రోజున మూత తీసి వదిలేసిన అప్పడాల గతే ఆ స్ట్రిప్పులకూ పడుతుంది మరి. వైద్య పరికరాల తయారీకని ప్రత్యేకంగా కట్టిన మెడ్‌టెక్ జోన్ సముద్రపు గాలి వీచే విశాఖలో ఉంది. కోవిడ్ కాలంలో అక్కడ టెస్ట్ కిట్లు కూడా తయారయ్యాయి. అలాంటి ఊళ్లో వానాకాలం డీహ్యూమిడిఫయర్ ఆగిందంటే ఇంజినీరు ఫోను మోగినట్టే. పౌచ్‌లో కనిపించే సిలికా జెల్ పొట్లం ఈ పోరాటంలో చివరి కాపలాదారు. పరీక్షకు కూర్చున్నాకే పౌచ్ చింపమనేది అందుకే.

పొరను అతికించిన ముప్పై సెంటీమీటర్ల కార్డును 4 మిల్లీమీటర్ల చొప్పున కోస్తే 75 స్ట్రిప్పులు వస్తాయి. కార్డు వెనక జిగురుంటుంది. కోసేకొద్దీ అది బ్లేడుకు పట్టుకుంటుంది. అప్పుడు స్ట్రిప్ అంచును భూతద్దంలో చూస్తే తెగినట్టుండదు, నలిగినట్టుంటుంది. ద్రవం ఒక పక్కనే పరిగెత్తి, గీత వంకరగా తేలుతుంది. పరిశోధన బృందం ఏళ్ల తరబడి తయారుచేసిన యాంటీబాడీ గొప్పదనమంతా, స్పిరిట్‌తో బ్లేడు తుడవడం మరిచిపోయిన ఒక్క పూట బూడిదలో పోసిన పన్నీరే. కిట్ కనిపెట్టడం కన్నా లక్షో స్ట్రిప్‌ను మొదటి స్ట్రిప్ లాగే తీయడం కష్టమని నా లెక్క.

స్ట్రిప్‌ను పరీక్షించాక అమ్మలేం. కాబట్టి నమూనాలే దిక్కు. తీసిన 300 నమూనాల్లో ఒక్కటీ తప్పలేదనుకోండి. బ్యాచ్ మొత్తం నిక్కమని దానర్థం కాదు. తప్పులు ఒక శాతానికి మించి ఉండవని 95 శాతం ధీమాతో చెప్పొచ్చు, అంతే.

కిట్ మీద 'సి' (కంట్రోల్) గీత వచ్చిందంటే ద్రవం సాఫీగా పారిందనీ, రసాయనాలు పనిచేశాయనీ గుర్తు. కోవిడ్ పరీక్షలో ముక్కులో పుల్ల సరిగా తిప్పారో లేదో దానికి తెలియదు.

పుల్లలంటే గుర్తొచ్చింది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ పోలీసులు ఒక మహిళ కోసం ఏళ్ల తరబడి వెతికారు. 2007లో హైల్‌బ్రోన్‌లో జరిగిన మహిళా పోలీసు హత్యతో సహా దాదాపు 40 నేరస్థలాల్లో ఆమె డీఎన్ఏ దొరికింది. 2009లో గుట్టు రట్టయింది. ఆమె, నమూనాలు తీసే దూది పుల్లల తయారీలో పనిచేసే కార్మికురాలు! స్టెరిలైజ్ చేస్తే క్రిములు చస్తాయి గానీ డీఎన్ఏ మిగిలిపోవచ్చు. డీఎన్ఏ అంటని పుల్లల కోసం 2016లో ఐఎస్‌ఓ 18385 అనే ప్రత్యేక ప్రమాణమే వచ్చింది.

ఖాళీ రక్తపు ట్యూబుకు ఎక్స్‌పైరీ ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? నిజానికి అది మామూలు ఖాళీ కాదు. రక్తాన్ని కొలత ప్రకారం లాగడానికి లోపల వాక్యూమ్ పెడతారు. ప్లాస్టిక్ గోడ గుండా గాలి నెమ్మదిగా లోపలికి చేరుతుంది, దాంతో లాగే శక్తి తగ్గుతుంది. లేత నీలం మూత ట్యూబులో 9 పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ లెక్క. సగమే నిండితే సిట్రేట్ ఎక్కువై, రక్తం గడ్డకట్టే సమయం ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. ల్యాబ్ వాళ్లు మళ్లీ చెయ్యి చాపమనేది అందుకే.